ఇంట్లో సముద్రం: నీటి దారి, వడపోత మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉప్పునీటి ట్యాంకుల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలు ఈ సంచికలో తీసుకున్నాం. ఇక్కడి లెక్కలన్నీ జోవాంథస్, మష్రూమ్, లెదర్ లాంటి మెత్తని పగడాలూ, నాలుగైదు చిన్న చేపలూ ఉండే ట్యాంకుకు సంబంధించినవి. గట్టి పగడాల జోలికి ఎందుకు పోలేదో నాలుగో జవాబులో ఉంది.

ప్రశ్న: నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుతో ట్యాంకు చేయించబోతున్నాం. 10 మిల్లీమీటర్ల అద్దం. స్టాండు కింద సంపు, అంటే వడపోత తొట్టి, పెట్టాలని ఉంది. గంటకు 3000 లీటర్లు తోడే పంపు ముందే కొనేశాం. సంపు ఎంత ఉండాలి? పైపులు ఎన్ని, ఏ సైజు? అద్దం కోయించకముందే చెబితే మేలు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అద్దం కోయించకముందే అడిగారు, అదే సరైన సమయం. ముందు కాగితం మీద ట్యాంకు, సంపు గీసి, కరెంటు ఉన్నప్పుడు నీరు ఎటు పోతుందో ఒక రంగుతో, కరెంటు పోయాక ఎక్కడెక్కడి నీరు కిందికి దిగుతుందో ఇంకో రంగుతో గీయండి. ఆ రెండో గీతే సంపు సైజు తేలుస్తుంది.

మీ ట్యాంకు బయటి కొలతల ప్రకారం 9 ఘనపుటడుగులు, అంటే 255 లీటర్లు. అద్దం మందం, పైన వదిలే 4 సెంటీమీటర్ల ఖాళీ, అంగుళం మందం ఇసుక, పాతిక కిలోల రాయి తీసేస్తే నికరంగా మిగిలేది 200 లీటర్ల నీరే. ఇక మీద వచ్చే ప్రతి లెక్కకూ 255 కాకుండా ఈ 200 తీసుకోండి. మందులైనా, ఉప్పైనా అంతే.

సంపు గుండా నీరు గంటకు నాలుగైదు సార్లు తిరిగితే చాలు. అంటే 800 నుంచి 1000 లీటర్లు. ఇంతకన్నా వేగం పెంచితే వడపోత మెరుగుపడదు, గాలి బుడగలూ చప్పుడూ మాత్రం పెరుగుతాయి. పగడాలకు కావలసిన ఊపు వేరే, అది ట్యాంకులోపల నీటిని కదిలించే చిన్న పంపులు, అంటే వేవ్‌మేకర్లు ఇస్తాయి. సంపు పంపుతోనే రెండు పనులూ చేయించాలని చూడటం వల్లే చాలామంది పెద్ద పంపులు కొంటారు.

అయితే మీ 3000 లీటర్ల పంపు వృథా ఏమీ కాదు. డబ్బా మీద రాసేది నీటిని ఎత్తు ఎక్కించకుండా తోడే లెక్క. సంపులోంచి ట్యాంకు అంచు దాకా మీకు దాదాపు 1.4 మీటర్ల ఎత్తు వస్తుంది. దానికి తోడు ఒక్కో 90 డిగ్రీల ఎల్బో ఇంకొంత ఒత్తిడి తినేస్తుంది. గరిష్ఠంగా 3 మీటర్లు ఎత్తగల పంపయితే మీ దగ్గర ఇచ్చేది అందులో సగమో, అంతకన్నా తక్కువో. నికరంగా ఎంతో బిగించాక మీరే కొలవొచ్చు. ట్యాంకులో పడే నీటిని 10 లీటర్ల బకెట్‌లో పట్టండి. 36 సెకన్లలో నిండితే గంటకు 1000 లీటర్లు. 25 సెకన్లలోపే నిండిపోతుంటే పంపు మీదున్న రెగ్యులేటరుతోనో, పైపులో పెట్టిన వాల్వుతోనో తగ్గించండి. మలుపు తప్పనిసరైన చోట ఒక 90 ఎల్బోకు బదులు రెండు 45లు వేయండి.

నీరు కిందికి దిగే దారికి రెండు పైపులు పెట్టండి, రెండూ అంగుళం సైజువే. వెనక అద్దం మూలలో 15 సెంటీమీటర్ల చదరంతో ఒక ఓవర్‌ఫ్లో గది కట్టించి, దాని అడుగున రెండు రంధ్రాలు వేయించండి. ఒకటి ప్రధాన పైపు. దాని నోరు గదిలోని నీటిమట్టానికి ఆరేడు అంగుళాలు కింద ఉండాలి. ఇది గాలి లేకుండా నిండుగా పారుతుంది కాబట్టి చప్పుడు చేయదు. దీనికి కింద వాల్వు పెట్టి ప్రవాహాన్ని సరిచేస్తాం. రెండోది అత్యవసర పైపు, నోరు నీటిమట్టం దగ్గరే ఉంటుంది, దీనికి వాల్వు ఉండకూడదు. ప్రధాన పైపులో ఆకో, నత్తో ఇరుక్కుంటే నీరంతా దీంట్లోంచి పోతుంది. వాల్వును మెల్లగా తిప్పుతూ, అత్యవసర పైపులోకి సన్నటి ధార మాత్రమే పడేలా ఆపితే సర్దుబాటు అయినట్టు. ప్రధాన పైపు చివర సంపు నీటిలో అంగుళమే మునగాలి. ఇంకా లోతుకు దించితే మళ్లీ స్టార్టయినప్పుడు లోపలి గాలి బయటికి పోలేక గుడగుడమంటూ చాలాసేపు సతాయిస్తుంది. అత్యవసర పైపు చివర నీటికి పైనే ఉంచండి. అందులో నీరు ఎక్కువగా పడితే చప్పుడు వినబడి వెంటనే తెలుస్తుంది.

రంధ్రం సైజు ప్లంబర్ చెప్పింది నమ్మి వేయించకండి. ట్యాంక్ నిపుల్ (అద్దం రంధ్రానికి పైపు బిగించే ఫిట్టింగు) ముందే కొని, దాని మరల బయటి వ్యాసం కొలిచి అద్దం వాళ్లకు ఇవ్వండి. కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది. రంధ్రం అంచుకూ అద్దం అంచుకూ మధ్య కనీసం ఒక రంధ్రం వెడల్పంత చోటు ఉండాలి. రంధ్రం వేసే అద్దం మామూలు ఫ్లోట్ గ్లాసే కావాలి. టఫెన్డ్ అద్దానికి డ్రిల్లు తగిలితే మొత్తం పొడి అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. హార్డ్‌వేర్ షాపులో గేట్ వాల్వు అడిగితే ఇత్తడిది చేతిలో పెడతారు. సీపీవీసీ ఫిట్టింగుల్లో కొన్నిటికి లోపల ఇత్తడి మర ఉంటుంది. ఇత్తడిలో రాగి ఉంటుంది, ఉప్పునీటిలో అది కరుగుతుంది. పగడాలూ, రొయ్యలూ, నత్తలూ తట్టుకోలేనిది ఆ రాగినే. మొత్తం ప్లాస్టిక్‌తో చేసిన యూపీవీసీ వాల్వు దొరికితేనే గేట్ వాల్వు వాడండి, లేదంటే ప్లాస్టిక్ బాల్ వాల్వు పెట్టి ఓపికగా సర్దుకోండి. పైపు మీద స్టీలు క్లిప్పులు కూడా తుప్పు పడతాయి, ప్లాస్టిక్ క్లిప్పులే వేయండి. సొల్యూషన్ పెట్టి అతికిన పైపులు ఒక రోజు ఆరనిచ్చి, మంచినీళ్లతో కడిగి వాడాలి. పంపు దగ్గరా, వాల్వు దగ్గరా ఒక్కో యూనియన్ (విప్పి బిగించుకునే జాయింటు) వేయించుకుంటే శుభ్రం చేసేటప్పుడు పైపు కోయాల్సిన పని ఉండదు.

సంపు రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉంటే సరిపోతుంది. పనిచేసేటప్పుడు నీరు 21 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే 48 లీటర్లు. పైన దాదాపు 38 లీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ ఎందుకంటే, కరెంటు పోయినప్పుడు దిగే నీటికి. మీ ట్యాంకులో మట్టం 1 సెంటీమీటరు దిగితే 5 లీటర్లకు పైగా కిందికి వస్తుంది. పైకి నీరు తెచ్చే పైపు మూతి నీటిలో అంగుళం మునిగి ఉంటే, అది వెనక్కి పీల్చి 13 లీటర్లు దించుతుంది. ఓవర్‌ఫ్లో అంచు మీద పొరలా నిలిచిన నీరు 5, ఆ గదిలోది 5, నురగతో మురికి తీసే స్కిమ్మర్‌లోది 4, పైపుల్లోది 2. మొత్తం 29 లీటర్లు. 38 లీటర్ల ఖాళీ ఉంది కాబట్టి గచ్చు మీదికి రాదు. అదే పైపు మూతి నాలుగంగుళాలు మునిగేలా పెట్టారనుకోండి, అదొక్కటే 50 లీటర్లు దించుతుంది. అప్పుడు ఈ సంపు చాలదు.

దీనికి ఎదురు లెక్క కూడా వేయాలి. దిగే పైపులు రెండూ మూసుకుపోతే, పంపు తన గదిలోని నీరంతా పైకి తోడేస్తుంది. ఆ గది 20 సెంటీమీటర్ల పొడవుంటే అందులో 12 లీటర్లు పడతాయి. ట్యాంకులో అది 2.3 సెంటీమీటర్లు. పైన 4 సెంటీమీటర్లు వదిలాం కాబట్టి పొంగదు. పంపు గది పెద్దగా కట్టించుకోవాలని కొందరు పట్టుబడతారు, ఈ లెక్క చూసుకోకుండా కట్టించవద్దు.

సంపులో గదుల వరస ఇది. నీరు దిగేచోట 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్సు, అదే గదిలో ప్రోటీన్ స్కిమ్మర్. తర్వాతి గదిలో సిరామిక్ మీడియా. ఆపైన అంగుళం ఎడంతో మూడు అద్దం పలకలు, మొదటిదీ చివరిదీ కింద అంటి ఉండాలి, నడిమిది పైకి లేచి ఉండాలి. నీరు మీదుగా ఎక్కి, కిందుగా దూరి, మళ్లీ ఎక్కి వెళ్తుంటే బుడగలు విడిపోతాయి. చివరిది పంపు గది. సాక్సును మూడు నాలుగు రోజులకోసారి మార్చండి. అందులో పట్టిన పెంట కుళ్లితే వడపోత వస్తువే నైట్రేట్ తయారీకి మూలమవుతుంది.

రాయి సంగతి. 200 లీటర్లకు 20 నుంచి 25 కిలోల సిరామిక్ రాయి చాలు. అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా పట్టే చోటు అదే. చేపలు వేయకముందు 4 నుంచి 6 వారాలు సైక్లింగ్ చేయాలి, అంటే ఆ బ్యాక్టీరియాను పెరగనివ్వాలి. అమ్మోనియం క్లోరైడ్ 1.2 గ్రాములు కరిగించి పోస్తే 200 లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎంకు (లీటరుకు 2 మిల్లీగ్రాములకు) వస్తుంది. అది 24 గంటల్లో సున్నాకు దిగి, నైట్రైట్ కూడా సున్నా చూపించిన రోజున మొదటి చేప వేయండి. అంతకుముందు వద్దు. పీహెచ్ 8.2 ఉండే ఉప్పునీటిలో అమ్మోనియా మంచినీటి ట్యాంకులో కన్నా ఎక్కువ విషం.

ట్యాంకు, సంపు, నీరు, రాయి, స్టాండు కలిసి 450 కిలోలు దాటుతుంది. పై అంతస్తయితే గోడ వెంబడి, బీము మీదుగా పెట్టండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడల్లా సంపు పొంగి హాలంతా నీళ్లవుతోంది. వెనక్కి రాకుండా చెక్ వాల్వు వేయించాం, మొదట్లో పనిచేసింది, ఇప్పుడు మళ్లీ అంతే. ఇన్వర్టర్ ఉంది కానీ మొత్తం పంపులన్నీ పెడితే బ్యాటరీ రెండు మూడు గంటలకే అయిపోతోంది. తుపాను వస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: చెక్ వాల్వు లోపలి రేకు మీద నెమ్మదిగా ఉప్పు పేరుకుంటుంది, చిన్న నత్తలూ చేరతాయి. రేకు వెంట్రుకవాసి తెరుచుకుని ఉన్నా నీరు దిగుతూనే ఉంటుంది. దాన్ని నమ్ముకునే ఏర్పాటు వద్దే వద్దు. పైకి నీరు తెచ్చే పైపు మూతిని నీటిమట్టానికి సరిగ్గా అంగుళం లోతుకు పైకి జరపండి. దానికి పైన, నీటిమట్టానికి కాస్త కిందగా 4 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. మట్టం ఆ రంధ్రం దాకా దిగగానే గాలి దూరి పీల్చడం ఆగిపోతుంది. రంధ్రాన్ని నాచు మూసేస్తుంది కాబట్టి వారానికోసారి టూత్‌పిక్‌తో పొడవండి. ఆ తర్వాత పంపు ఆపి, నీరంతా దిగేదాకా ఉండి, సంపులో ఆ మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీయండి. పంపు తిరిగేటప్పుడు ఉండే మట్టానికి ఇంకో గీత. నీరు నింపేటప్పుడు ఎప్పుడూ రెండో గీత దాటించకండి. చాలా ఇళ్లలో పొంగే కారణం ఇదే, ఆవిరైన నీటికి బదులు పోస్తూ పోస్తూ గీత దాటించేస్తారు.

ఇన్వర్టర్ లెక్క చూద్దాం. 12 వోల్ట్ల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. బ్యాటరీ చెడకుండా వాడగలిగింది అందులో సగం, 900. పంపులు, స్కిమ్మర్, లైటు, ఇంట్లో ఫ్యాన్లు అన్నీ కలిసి 300 వాట్లు లాగితే మీరు చెప్పినట్టు మూడు గంటలే. కరెంటు లేనప్పుడు ట్యాంకుకు కావలసింది ఒక్కటే, నీటి పైపొర కదలడం. ఆక్సిజన్ అక్కడి నుంచే దిగుతుంది. ఒక 10 వాట్ల వేవ్‌మేకర్‌ను ఉపరితలం వైపు తిప్పి, దానికొక్కదానికే ఇన్వర్టర్ లైను ఇవ్వండి. ఇన్వర్టర్ తన కోసం తినేది కలిపి 30 వాట్లనుకున్నా 30 గంటలు వస్తుంది. వెలుతురు లేకపోతే పగడాలు ఒకటి రెండు రోజులు ఏమీ కావు. స్కిమ్మర్ కూడా ఆగొచ్చు. నీటిని చల్లబరిచే చిల్లర్‌ను మాత్రం ఇన్వర్టర్ మీద ఎప్పుడూ పెట్టకండి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరంలో వాయుగుండాల కాలం. ఒక్కోసారి రోజుల తరబడి కరెంటు ఉండదు. ఆ నెలల్లో రొయ్య పిల్ల రవాణాకు వాడే బ్యాటరీ ఏరేటర్ ఒకటి, దానికి గాలి రాయీ గొట్టమూ ఇంట్లో ఉంచుకోండి. తుపాను హెచ్చరిక రాగానే చేపలకు మేత ఆపేయండి. కడుపు ఖాళీగా ఉన్న చేప ఆక్సిజన్ తక్కువ వాడుతుంది, మురుగూ తక్కువ. 26 డిగ్రీల ఉప్పునీటిలో పూర్తిగా కరిగినా ఆక్సిజన్ లీటరుకు దాదాపు 6.7 మిల్లీగ్రాములే, మంచినీటికన్నా తక్కువ. నీరు కదలకపోతే రాత్రి కొన్ని గంటల్లోనే ప్రమాదపు అంచుకు వస్తుంది. ఇంకేమీ లేకపోతే చెంబుతో ట్యాంకు నీరే తీసి ఎత్తునుంచి పోస్తూ ఉండండి, పనిచేస్తుంది.

కరెంటు వచ్చినప్పుడు సంపు మట్టం ఎక్కువగా ఉంటుంది కాబట్టి స్కిమ్మర్ కప్పు పొంగి మురికి మళ్లీ నీటిలో కలుస్తుంది. స్కిమ్మర్‌ను పది నిమిషాలు ఆలస్యంగా ఆన్ చేసే టైమర్ మీద పెట్టండి.

ఇంకొకటి, అడగకపోయినా చెప్పాలి. ట్యాంకు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. ప్రతి వైరూ ప్లగ్గుకు కిందగా ఒక వంపు వేలాడి పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. హాలు తడిగా ఉన్నప్పుడు చేయి ట్యాంకులో పెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: మూడడుగుల ట్యాంకులో రెండు వేవ్‌మేకర్లు ఉన్నాయి. అయినా కుడి మూలలో ఇసుక మీద ఎర్రటి జిగురు పొర వస్తోంది. పీకేస్తే మూడు రోజుల్లో మళ్లీ పడుతోంది. ఎడమ వైపు ఉన్న లెదర్ కోరల్ వారంగా ముడుచుకుని, మెరుస్తూ ఉంది. చనిపోతోందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: లెదర్ చనిపోవడం లేదు. అప్పుడప్పుడూ మైనం లాంటి పొర తయారుచేసుకుని వదిలేస్తుంది, ఆ వారం రోజులూ ముడుచుకునే ఉంటుంది. ఆ పొర ఊడాలంటే దాని మీదుగా మధ్యస్థంగా ప్రవాహం తగలాలి. వాసన రానంత కాలం, కాండం గట్టిగా ఉన్నంత కాలం కదిలించకండి.

ఎర్ర పొర సైనోబ్యాక్టీరియా. నీరు నిలిచిపోయిన చోట మురుగు పేరుకుంటే అక్కడే పడుతుంది. మూడడుగుల ట్యాంకుకు 140 లీటర్ల నీరు ఉంటుందనుకుంటే, వేవ్‌మేకర్లు రెండూ కలిసి గంటకు 1400 నుంచి 2800 లీటర్ల దాకా కదిలించాలి, అంటే నీటి పరిమాణానికి 10 నుంచి 20 రెట్లు. మెత్తని పగడాలకు అది చాలు. మీ దగ్గర తక్కువైంది వేగం కాకపోవచ్చు, దారి అయ్యుంటుంది. రెండు వేవ్‌మేకర్లూ ఒకదానికొకటి ఎదురుగా, ఒకే ఎత్తులో పెట్టారా? అలా పెడితే రెండు ధారలూ నడిమిలో ఢీకొని చచ్చిపోతాయి, మూలలు అలాగే మిగిలిపోతాయి. ఒకదాన్ని ట్యాంకు ఎత్తులో పై మూడో వంతులో, నీటి మీద చిన్న అలలు వచ్చేలా పెట్టండి. రెండోదాన్ని ఎదుటి గోడకు, కాస్త కిందగా, వెనక అద్దం వెంబడి పారేలా తిప్పండి. వెనగ్గా వెళ్లిన నీరు ఎదుటి గోడ తగిలి ముందు వైపు నుంచి తిరిగి వస్తుంది. కంట్రోలర్ ఉంటే ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి నడపండి. పగడాలకు ఒకే వైపు నుంచి ఎడతెగకుండా తగిలే ధారకన్నా ఊగే నీరు మేలు. జోవాంథస్ నోళ్లు తెరిచి మెల్లగా ఊగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒకే వైపుకు వంగి ముడుచుకుంటే ధార ఎక్కువైనట్టు. మష్రూమ్‌లను అన్నిటికన్నా నెమ్మదిగా ఉండే చోట కింద పెట్టండి.

రాళ్లు వెనక అద్దానికి ఆనించి గోడలా పేర్చి ఉంటే, ఎన్ని వేవ్‌మేకర్లు పెట్టినా ఆ వెనక మురుగు నిలుస్తుంది. రెండు మూడంగుళాలు ఎడం వదిలి, రాతిని రెండు గుట్టలుగా విడగొట్టండి. ప్రవాహం ఎలా ఉందో కనిపెట్టడానికి సిరంజితో ఆర్టీమియా లాంటి సన్నటి మేత ఒక్కో మూలలో వదిలి చూడండి. ఏ మూలలో కదలకుండా కిందపడిపోతే అదే చచ్చిన మూల.

దారి సరిచేశాక పొరను సన్నటి గొట్టంతో పీల్చి బయటికి తీసేయండి, చేత్తో చెదరగొడితే ట్యాంకంతా పాకుతుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ కొలవండి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండాలి. రెండూ సున్నాకు తెచ్చేయాలని చూడకండి. సున్నా అయిన ట్యాంకుల్లో డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు పడతాయి, వాటిని వదిలించడం సైనో కన్నా పది రెట్లు కష్టం.

లెదర్ ఉన్న ట్యాంకులో యాక్టివేటెడ్ కార్బన్ ఎప్పుడూ ఉండాలి. లెదర్ నీటిలోకి వదిలే రసాయనాలు పక్క పగడాలను ముడుచుకునేలా చేస్తాయి. 140 లీటర్లకు 140 మిల్లీలీటర్ల కార్బన్ చిన్న సంచిలో, నీరు దానిగుండా పారే చోట పెట్టి, నెలకోసారి మార్చండి. వాడే ముందు ఆర్ఓ నీటితో నల్లపొడి పోయేదాకా కడగాలి.

ప్రశ్న: గట్టి బ్రెయిన్ కోరల్, సముద్రపు లైవ్ రాక్ తక్కువ ధరకు ఇప్పిస్తామంటున్నారు. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: కొనకండి. గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రపు గుర్రాలకూ, సీ కుకుంబర్లకూ ఈ చట్టం రక్షణ ఇస్తుంది. పులికి ఉన్న రక్షణే ఈ పగడాలకూ ఉంది. చనిపోయిన ముక్క దగ్గర ఉన్నా నేరమే, శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. సముద్రంలోంచి తీసిన లైవ్ రాక్ చాలావరకు పాత పగడపు అస్థిపంజరమే కాబట్టి అదీ వద్దు. మన్నార్ సింధుశాఖ, అండమాన్, లక్షద్వీప్, కచ్ సింధుశాఖల్లో మిగిలిన దిబ్బలను సుత్తితో పగలగొట్టి తెచ్చిన సరుకు మీ హాల్లో కొన్ని నెలలకు తెల్లబడిపోతుంది. సిరామిక్ రాయి, మెత్తని పగడాలతో ట్యాంకు ఏ మాత్రం వెలితిగా కనిపించదు.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులున్నాయి. సముద్రం అరగంట దూరం. ట్యాంకుకు సముద్రపు నీళ్లే తెచ్చుకోవచ్చా? చెరువులకు కొన్న జియోలైట్, ప్రోబయాటిక్, టెస్ట్ కిట్లు ఇందులో పనికొస్తాయా?
– ఒక రైతు, కొత్తపట్నం మండలం

జవాబు: మీ దగ్గర సగం సామాను ముందే ఉంది, మీకు పని తేలిక. అయితే కొన్ని అలవాట్లు మార్చుకోవాలి.

నీరు ఫిబ్రవరి నుంచి మే వరకు తెచ్చుకోవచ్చు. ఈశాన్య రుతుపవనాల వానలకు వాగులూ, నదులూ కలిసి తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది, మట్టి కూడా ఎక్కువ. ఉప్పుటేరు మొగల దగ్గర, బకింగ్‌హామ్ కాలువలో, హేచరీలూ చెరువుల నీరు వదిలే చోట, ఓడరేవుల పక్కన పట్టవద్దు. వీలుంటే పడవ మీద లోపలికి వెళ్లి, పోటు వేళ పట్టించండి. తెచ్చిన నీరు ఒక రోజు తేరనిచ్చి 5 మైక్రాన్ల బ్యాగుతో వడకట్టండి.

తర్వాత క్లోరినేషన్, మీకు తెలిసిన పనే. 200 లీటర్ల డ్రమ్ముకు 10 పీపీఎం కావాలంటే 30 శాతం బ్లీచింగ్ 6 నుంచి 7 గ్రాములు. విడిగా కలిపి, అడుగున దిగిన సున్నం వదిలేసి తేట మాత్రమే పోయండి, లేకపోతే పీహెచ్ ఎగబాకుతుంది. 24 గంటలు ఏరేషన్ పెట్టి క్లోరిన్ చుక్కలతో పరీక్షించండి. మిగిలిన ప్రతి 1 పీపీఎం క్లోరిన్‌కు లీటరుకు 7 మిల్లీగ్రాముల థయోసల్ఫేట్ పడుతుంది. అంటే 2 పీపీఎం మిగిలితే డ్రమ్ముకు 2.8 గ్రాములు. మళ్లీ ఒక రాత్రి కార్బన్ మీదుగా తిప్పి, చుక్కలు వేస్తే రంగు రాకపోతేనే వాడండి. చెరువులో కొద్దిగా మిగిలిన క్లోరిన్ ఎండకు పోతుంది, 200 లీటర్ల ట్యాంకులో పోదు.

సెలైనిటీ (ఉప్పదనం) వనామీ రొయ్యకి 10 పీపీటీ (వెయ్యికి 10 పాళ్లు) అయినా, 25 అయినా నడుస్తుంది. పగడానికి 34, 35 మధ్యే నిలబడాలి. ఉప్పదనం కొలిచే మీ రిఫ్రాక్టోమీటరును ఆర్ఓ నీటితో సున్నాకు పెట్టడంతో ఆగకుండా, 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో కూడా సరిచూడండి. తెచ్చిన నీరు 30 ఉంటే లీటరుకు 5 నుంచి 6 గ్రాముల రీఫ్ సాల్ట్ (పగడాల ట్యాంకులకు చేసే ఉప్పు) కలపాలి. చెరువులకు వాడే మామూలు ఉప్పు కలపవద్దు, అందులో కాల్షియం, మెగ్నీషియం సరైన పాళ్లలో ఉండవు.

జియోలైట్ వేయకండి. మంచినీటిలో అది అమ్మోనియాను పట్టుకుంటుంది. సముద్రపు నీటిలో సోడియం అంత ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ జాగాలన్నీ సోడియమే ఆక్రమిస్తుంది. ఉప్పు చెరువుల్లో కూడా దాని మీద పెట్టే డబ్బుకు తగిన ఫలితం రాదని మా అభిప్రాయం.

ప్రోబయాటిక్ కూడా వద్దు. వాటిలో ఎక్కువ శాతం బాసిల్లస్ రకాలు. తవుడు, బెల్లం కలిపి పులియబెట్టి పోస్తే చెరువులో అడుగు బురద తింటాయి. చిన్న ట్యాంకులో ఒక్కసారిగా పెరిగి నీరు పాలలా తెల్లబడుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారుజామున చెరువులో డీవో (కరిగిన ఆక్సిజన్) ఎలా దిగుతుందో మీకు చెప్పక్కర్లేదు, ఇక్కడా అంతే. అందుకే వేవ్‌మేకర్లను రాత్రి తగ్గించినా ఆపేయవద్దంటాం.

టెస్ట్ కిట్లలో ఆల్కలినిటీది హాయిగా వాడుకోండి. రీఫ్ వాళ్లు డీకేహెచ్‌లో చెబుతారు, మీ కిట్టు పీపీఎంలో చూపిస్తుంది. 1 డీకేహెచ్ అంటే 17.9 పీపీఎం. కావలసింది 8 నుంచి 9 డీకేహెచ్, అంటే మీ కిట్టులో 143 నుంచి 161. కాల్షియం 400 నుంచి 440, మెగ్నీషియం 1250 నుంచి 1350. మెత్తని పగడాలు వీటిని కొద్దిగానే వాడతాయి. పది రోజులకోసారి పది శాతం నీరు మారిస్తే విడిగా ఏమీ కలపనక్కర్లేదు. ఫాస్ఫేట్‌కు మాత్రం చెరువు కిట్టు చాలదు, 0.03 లాంటి చిన్న అంకెలు అది చూపించదు.

చెరువులో వాడిన బకెట్లు, వలలు, గొట్టాలు ట్యాంకులో ముంచకండి. రాగి కలిసిన నాచు మందులు వాడి ఉంటే ఆ జాడ చాలు.

ప్రశ్న: కొత్త స్కిమ్మర్ పెట్టి అయిదు రోజులైంది. ఒక రోజు పొంగిపోతుంది, ఒక రోజు నురగే రాదు. పీసు మార్పించుకోవాలా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: వద్దు. కొత్త ప్లాస్టిక్ మీద ఉన్న నూనె పోయి జీవపొర పట్టడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆలోగా, అది నిలబడిన గదిలో నీటిమట్టం మారుతోందేమో చూడండి. తయారీదారు చెప్పిన లోతు సాధారణంగా 18 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. మట్టం ఒక్క సెంటీమీటరు పెరిగినా పొంగుతుంది, తగ్గినా ఆగుతుంది. స్కిమ్మర్ గదికీ మీడియా గదికీ మధ్య అద్దం పలక ఎత్తు ఆ లోతుకు సరిపోయేలా ఉంటే ఈ గొడవ ఉండదు. లేకపోతే స్కిమ్మర్ కింద పీవీసీ ముక్కలు పేర్చి ఎత్తు సర్దండి. ట్యాంకులో చేయి పెట్టే ముందు సబ్బు, కొబ్బరినూనె లేకుండా కడుక్కోండి, చేతి నూనెకే నురగ గంటల తరబడి పడిపోతుంది. గాలి పీల్చే సన్న గొట్టంలో ఉప్పు గడ్డ కట్టినా నురగ ఆగుతుంది, నెలకోసారి గోరువెచ్చని నీళ్లు పీల్పించండి.

ప్రశ్న: మే నెలలో మా ట్యాంకు 32 డిగ్రీలు చూపిస్తోంది. ఫ్యాన్ పెడితే నీళ్లు తొందరగా తగ్గుతున్నాయి. బోరు నీళ్లే పోస్తున్నాం. ఇప్పుడు అద్దాలకంతా గోధుమరంగు పొర.
– ఒక పాఠకురాలు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ఫ్యాన్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది కాబట్టి నీరు తగ్గడం అది పనిచేస్తోందనడానికి గుర్తు. పడమటి పొడిగాలి తోలే రోజుల్లో 3, 4 డిగ్రీలు దించుతుంది. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత మొదలైతే 1, 2 డిగ్రీలకు మించి దించదు. మీకు కావలసింది 25 నుంచి 27. రోహిణి కార్తె దాటే వరకు ఫ్యాన్ ఒక్కటే చాలదు. 200 లీటర్ల ట్యాంకుకు పావు హెచ్‌పీ చిల్లర్ పెట్టండి, దాని వేడిగాలి ఆ గదిలోకే వదలకుండా కిటికీ వైపు తిప్పండి. చిల్లర్‌కు వెళ్లే నీటి వేగం దాని డబ్బా మీద రాసిన హద్దుల్లో ఉండాలి, మరీ నెమ్మదైతే లోపల చల్లబడి మోటారు ఊరికే ఆగి ఆగి తిరుగుతుంది. చిల్లర్ కొనేదాకా లైటును రాత్రి వేళకు మార్చి, స్టాండు తలుపులు తెరిచి ఉంచండి.

గోధుమరంగు పొర డయాటమ్‌లు, అంటే ఒక రకం సూక్ష్మమైన నాచు. బోరు నీటిలోని సిలికేట్ వాటికి మేత. పైగా ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పూ ఖనిజాలూ ట్యాంకులోనే ఉండిపోతాయి. మీరు రోజుకు 4 లీటర్ల బోరు నీరు పోస్తుంటే, అందులో టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకు 1000 మిల్లీగ్రాములు ఉంటే, నెలకు 120 గ్రాముల ఖనిజాలు అదనంగా చేరుతున్నట్టు. నింపడానికి ఆర్ఓ నీరే వాడండి. ఇంట్లోని ఆర్ఓలో రుచి కోసం టీడీఎస్ పెంచే స్క్రూ గానీ, మినరల్ కార్ట్రిడ్జ్ గానీ ఉంటే దాని ముందు నుంచి గొట్టం తీసుకోండి. ఆ నీటిని మిగిలిన ఖనిజాలు పట్టేసే డీఐ రెసిన్ మీదుగా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపితే పోయండి, 3 దాటితే రెసిన్ మార్చండి. ప్లాంటులో అమ్మే మినరల్ వాటర్ క్యాన్లు దీనికి పనికిరావు.

పంపు గది 20 సెంటీమీటర్ల పొడవు, అడుగు వెడల్పు ఉంటే 4 లీటర్లు ఆవిరయ్యేసరికి అక్కడ మట్టం 6, 7 సెంటీమీటర్లు దిగుతుంది, పంపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. రోజుకోసారి బకెట్‌తో పోసే బదులు ఫ్లోట్ స్విచ్ ఉన్న ఆటో టాప్ అప్ పెట్టించుకోండి. ఆర్ఓ నీటి డబ్బా మాత్రం 10 లీటర్లకు మించనిది పెట్టండి. ఫ్లోట్ ఇరుక్కుపోయి డబ్బా అంతా ఖాళీ అయినా 250 లీటర్ల మొత్తం నీటిలో సెలైనిటీ 35 నుంచి 33.6కు మాత్రమే పడుతుంది, పగడాలు తట్టుకుంటాయి. ఆ 10 లీటర్లు సంపులో మీరు వదిలిన ఖాళీలో పడతాయో లేదో కూడా ఒకసారి కొలిచి చూసుకోండి.